బీరువాలో చెప్పులు

మార్చి తొమ్మిదో తారీఖు. ఆ ఉదయం రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు తిన్నాను. మిగతా సగం తిరిగొచ్చాక తిందామని పళ్లెంలో ఉంచి, మా ఆవిడ రబ్బరు చెప్పులు తొడుక్కుని మెట్లు దిగబోయాను. ఆవిడ పోయిన దగ్గర్నుంచి నాకు అవే అలవాటు. నా పాదానికి పొట్టి, మడమ బయటికి వేలాడుతూ ఉంటుంది. చెప్పు ఒకవైపు వెళ్లింది, నేను ఒకవైపు వెళ్లాను. ఎముకలేవీ విరగలేదు. అంత దయ చాలు.

ఆ సాయంత్రమే మా అమ్మాయి నా చెప్పులూ బూట్లూ, వాళ్లమ్మ చెప్పులతో సహా అన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఇవి లేకపోతే బయటికి వెళ్లవు. వెళ్లకపోతే పడవు. అంతే నాన్నా."

"బాత్రూంకైనా వెళ్లనిస్తావా?"

"నవ్వించకు. నాకింకా గుండెదడ తగ్గలేదు."

తాళం తిప్పి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూసింది. అది చూశాక వాదించబుద్ధి కాలేదు.

తను ఆఫీసుకు వెళ్లగానే ఇల్లు నా చుట్టూ దగ్గరపడేది. వంటగది నుంచి బాల్కనీకి, బాల్కనీ నుంచి వంటగదికి, వట్టికాళ్లతో తిరిగేవాణ్ణి. సాయంత్రం కింద నుంచి గొడుగు మాస్టారు పిలిచేవాడు. కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పినవాడు, ఎండైనా వానైనా గొడుగు వదలడు.

"ఏమోయ్, బెయిలు రాలేదా?"

"జడ్జిగారు నా కూతురేనోయ్. ఎవరితో చెప్పుకోను?"

"పార్కులో మన బెంచీ మీద నీ చోట్లో గొడుగు పడుకోబెడుతున్నా. అందరూ తీయమంటున్నారు. త్వరగా రా."

ఆ చోటు పోతే నాకు ఊళ్లో ఇంకో చోటు లేదు.

ఒక ఆదివారం నేలమీద ఎర్రటి మరకలు కనిపించాయి.

"అమ్మాయ్, కూరగాయలు కోస్తూ వేలు తెగిందా?"

తను చేతులు చూసుకుంటూ వచ్చింది. తర్వాత మరకల వెంట నడిచింది. అవి నా కుర్చీ దగ్గర ఆగాయి.

"కాలెత్తు నాన్నా."

ముందురోజు పగిలిన గ్లాసు ముక్క అరికాల్లో దిగి ఉంది. తను దాన్ని లాగుతుంటే ఎవరిదో కాలు చూస్తున్నట్టు చూశాను.

"నొప్పి లేదూ?"

"తీసేశావా?"

అప్పటిదాకా తాళం బీరువాకే ఉందనుకున్నాను.

ఆస్పత్రిలో గాయం కడిగి కట్టు కట్టాక, నర్సు నన్ను కళ్లు మూసుకోమంది. సన్నటి దారం లాంటిదేదో పాదాలకు తాకిస్తానంది.

"తగిలినప్పుడల్లా చెప్పండి బాబాయ్‌గారూ."

ఎదురుచూశాను. ఎంతకీ ఏమీ తగల్లేదు.

"ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"

"అయిపోయిందండీ," అంది మెల్లగా. షుగరు వల్ల స్పర్శ తగ్గిందట.

మా అమ్మాయితో చెప్పింది: "ఇంట్లో కూడా వట్టికాళ్లతో తిరగనివ్వకండి. బూట్లు మడమను పట్టుకుని ఉండాలి, వేళ్లకు చోటుండాలి, అడుగు జారకూడదు. సాయంత్రం వెళ్లి కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి తడమండి. రోజూ పాదాలు చూడండి. పుండు మానేదాకా మాత్రం బయట నడక వద్దు."

"చెప్పులన్నీ నేనే దాచేశానండీ," అంది మా అమ్మాయి తలెత్తకుండా.

"మీరొక్కరే అనుకున్నారా? మా అత్తగారివి నేను అటకెక్కించాను. ఆవిడ నిచ్చెన వేయించుకుంది."

ఆ మాటకు మా అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది. ఆ నర్సు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి.

మర్నాడు సాయంత్రం కొత్త బూట్లు వచ్చాయి. పట్టీ అతికించుకునే రకం. బెంచీ ఇంకా దూరంలోనే ఉంది. మాస్టారి గొడుగు ఎన్నాళ్లు కాపు కాస్తుందో తెలియదు.

రాత్రి పడుకోబోయే ముందు తను నేలమీద కూర్చుని నా పాదం ఒళ్లో పెట్టుకుంది. టార్చి వేసి వేళ్ల సందులన్నీ చూసింది.

"బెంచీ సంగతి?"

"పుండు మానాక. మొదటిరోజు నేనూ వస్తా. మాస్టారికి చెప్పేశాను, గొడుగు తీయొద్దని."

బూట్లలో చెయ్యి పెట్టి తడిమి, మంచం దిగితే కాలు ఆనేచోట పెట్టింది. వాళ్లమ్మ చెప్పులు మాత్రం బీరువాలోనే ఉంచింది, పారేయలేదు. నేను చెయ్యి కిందికి జార్చి బూటును తాకాను. చేతికి తెలిసింది.

లైటు తీసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.