మడుగు దారికి అడ్డంగా

సింకు నిండా గిన్నెలున్నాయి. నేను తోముతుంటే ఆయన గుమ్మంలో బూట్లు వేసుకుంటూ, "అవి అవగానే షాపుకొచ్చి బిల్లులు చూడు. ఇంట్లో ఎలాగూ ఖాళీయేగా," అన్నారు. ఖాళీ! మోచేతులదాకా సబ్బు నురగలో ఉన్న మనిషిని పట్టుకుని అనే మాటేనా అది? మా ఆయనది పైపులు, సిమెంటు అమ్మే షాపు. పెళ్లయినప్పటి నుంచి అక్కడ బిల్లులు రాసేది, సరుకు దింపించుకునేది, కోపంగా వచ్చినవాళ్లని చల్లబరిచి పంపేది నేనే. బయటివాళ్లతో మాత్రం, "మా ఆవిడ అప్పుడప్పుడూ సాయానికొస్తుంది," అంటారు. మామూలుగా అయితే ఆ మాట రోజంతా నా లోపల నలుగుతూ ఉండేది. ఆ రోజు నలగలేదు. నా చెవులు రెండూ కిటికీ బయటే ఉన్నాయి, లారీల చప్పుడు కోసం.

మా వంటింటి వెనక పెద్ద మడుగు. తుంగ, రెల్లు, బాతులు, పొడుగు కాళ్ల కొంగలు. వాన పడితే మా వీధుల నీళ్లన్నీ చేరేది అందులోకే. దాన్ని పూడ్చి గోదాము కడతానని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. పడగొట్టిన ఇళ్ల శిథిలాలన్నీ లారీల్లో తెచ్చి కుమ్మరించడం మొదలుపెట్టాడు. పోయిన వానాకాలానికే సగం పూడింది. నీళ్లకి చోటు లేక మా ఇళ్లలోకొచ్చాయి. మోకాళ్లలోతు నీటిని బకెట్లతో తోడింది వీధిలో ఆడవాళ్లమే. మగవాళ్లు మంచాలెక్కి ఎవరెవరికో ఫోన్లు చేశారు. మా అత్తయ్య కూడా మంచం మీది నుంచే, "గుమ్మం కింద గుడ్డలు సరిగ్గా కుక్కి ఉంటే ఇంత వచ్చేదా?" అన్నారు. తప్పు మడుగు పూడ్చినవాడిది కాదట, గుడ్డలు కుక్కినదానిదట!

ఎదురింటి టీచరమ్మ, పక్క వాటాలో బ్యూటీ పార్లర్ నడిపే అమ్మాయి, నేను అప్పుడే ఒకటయ్యాం. ఆఫీసుల చుట్టూ తిరిగాం. సార్ లేరన్నారు, రేపు రమ్మన్నారు. ఒకాయనైతే, "మీ ఇంట్లో మగవాళ్లని పంపండమ్మా," అన్నాడు. కిందటి వారం టీచరమ్మ కూతురు తన కంప్యూటర్లో ఒక మీటింగు చూపించింది. ఎక్కడెక్కడి దేశాల ఆడవాళ్లో! ఒకామె నది మీద ఆనకట్ట వద్దని పోరాడుతోంది. ఒకామె గని దుమ్ముతో ఊరంతా దగ్గుతోందని చెప్పింది. ఇంకొకామె వాళ్ల ఊరి చిత్తడి నేలని ఇప్పటికీ వంతులేసుకుని కాపలా కాస్తోంది. మాట్లాడుతూనే బట్టలు మడత పెడుతోంది, దుప్పటి అంచుని గడ్డం కింద నొక్కిపట్టుకుని, అచ్చం నాలాగే. ఆమె మాటల్ని టీచరమ్మ కూతురు మాకు తెలుగులో చెప్పింది: "ఇంటి పని అయ్యాక వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లేవాళ్లం కాదు. అందుకే పని పట్టుకునే వెళ్లాం." మేం ముగ్గురం ఒకరి ముఖాలొకరం చూసుకున్నాం.

హారన్ వినపడింది. గిన్నెలు సగంలో వదిలేసి, బీన్సు బుట్ట, కత్తి తీసుకుని గుమ్మం మెట్లు దిగాను. దిగడం కాదు, దూకాను.

మడుగు దారి సన్నది, ఒక్క లారీయే పడుతుంది. దానికి అడ్డంగా కూర్చున్నాం. టీచరమ్మ ఉల్లిపాయలు ముందేసుకుంది. మా వీధి చివర బట్టలు కుట్టే దర్జీ అక్క ఏకంగా కుట్టుమిషనే మోయించుకొచ్చింది. పార్లర్ అమ్మాయి దారం పళ్లతో పట్టి ఒకావిడ కనుబొమలు తీర్చడం మొదలెట్టింది. మొదటి లారీ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "కాస్త తప్పుకోండమ్మా," అన్నాడు.

"వంట పనిలో ఉన్నాం నాయనా. అవగానే లేస్తాం," అంది టీచరమ్మ.

"ఎప్పుడవుతుంది?"

"ఇంటి పని అయిపోవడం నువ్వెప్పుడైనా చూశావా?"

డ్రైవరు పకపకా నవ్వి ఇంజను ఆపేశాడు. వెనక లారీలు బారులు తీరాయి. మూడో దాని మీద పైపులు మా షాపువి! దాని వెనకే స్కూటరు మీద ఆయన. నన్ను చూడగానే ముఖం ఎర్రబడింది.

"మతిపోయిందా నీకు? అది మన సరుకు! ఆ కాంట్రాక్టరు ఎంత పెద్ద ఆర్డరిచ్చాడో తెలుసా?"

"తెలుసు. బిల్లు రాసింది నేనేగా. సరుకు ఎక్కడికెళ్తోందో మాత్రం మీరు చెప్పలేదు."

"లే. ఇంటికి పద. అందరూ చూస్తున్నారు."

ఇన్నేళ్లుగా ఆ మాట వింటే నా కాళ్లు వాటంతటవే లేచేవి. ఆ రోజు లేవలేదు. అది చూసి నాకే ఆశ్చర్యం వేసింది. ఇంకో బీన్సు కాయ తీసి ఈనె లాగాను.

ఇంతలో, "టీ పెట్టే దిక్కు కూడా లేదు ఇంట్లో!" అని అరుచుకుంటూ అత్తయ్య వచ్చారు. "చూడమ్మా నీ కోడలి నిర్వాకం," అన్నారాయన. అత్తయ్య లారీల వైపు చూశారు. గుట్టలుగా పడున్న ఇటుక ముక్కల వైపు, వాటి మధ్య మిగిలిన కాసిని నీళ్ల వైపు చూశారు.

"దీనివల్లేనా మనింట్లోకి నీళ్లొచ్చింది?"

"అవునత్తయ్యా."

మోకాళ్లు పట్టుకుని నా పక్కన చతికిలబడ్డారు. "ఇంత పెద్ద ముక్కలేంటి? ఇటివ్వు," అని కత్తి లాక్కున్నారు. గుడ్డల సంగతి మాత్రం ఎత్తలేదు.

ఎండ నెత్తి మీదికొచ్చేసరికి మున్సిపాలిటీ జీపు వచ్చింది. చుట్టూ జనం, అందరి చేతుల్లో ఫోన్లు. అందులోంచి దిగిన అధికారి, లారీలతో వచ్చిన కాంట్రాక్టరు మనిషిని అనుమతి చూపించమన్నాడు. వాడు ఫోనులో ఎంత వెతికినా కాగితం ఏదీ దొరకలేదు. "విచారణ జరిగేదాకా పని ఆపండి," అన్నాడు అధికారి. లారీలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తుంటే పార్లర్ అమ్మాయి వేళ్లు నోట్లో పెట్టి ఈల వేసింది. నేను అరిచాను. నాకంత గొంతుందని నాకే తెలియదు.

"విచారణలో మీ తరఫున ఎవరు మాట్లాడతారు?" అని అడిగాడు అధికారి. అందరూ నా వైపు తిరిగారు.

"నేను," అన్నాను.

సాయంత్రం ఆయన కుర్చీలో కూలబడి, "ఆర్డరు పోయినట్టే," అన్నారు. బూట్లు విప్పుకుంటూ, "సరే, నీ సరదా తీరిందిగా. రేపట్నుంచి బుద్ధిగా షాపుకొచ్చి కూర్చో," అన్నారు.

"రేపట్నుంచి నాకు పనుంది. పక్క వీధులవాళ్లనీ కలవాలి, విచారణకి సిద్ధం కావాలి. షాపులోకి ఒక మనిషిని చూసుకోండి."

ఆయన నవ్వారు. "బిల్లులు, సరుకు, వచ్చేపోయే జనం, అన్నీ ఒక్కరే ఎవరు చూస్తారు?"

"జీతమిస్తే ఎవరైనా చూస్తారు," అన్నాను.