ఆకుపచ్చ తీగ

నాలుగో మర ఊడగానే రిపేరు కొట్టు మేస్త్రీ ఇస్త్రీపెట్టె మూత ఎత్తి, కళ్ళద్దాలు సవరించుకుని లోపలికి చూశాడు. అనుకున్నంతా అయింది. బయట ప్లగ్గుకి మూడు కాళ్ళున్నాయి. లోపల మాత్రం రెండు తీగలే కలిపారు. షాక్ కొట్టకుండా కాపాడాల్సిన ఆకుపచ్చ తీగని మొదట్లోనే కత్తిరించి వదిలేశారు.

“మొన్నేగదన్నా కొన్నాను, కొత్తది!” అంది గుమ్మంలో నిలబడ్డ ఇస్త్రీ ఆమె.

“కొత్తదే. మూడో కాలు ఉత్తుత్తిది.”

తెగిన ముక్కకి చీటీ కట్టాడు. ఏ వస్తువో, ఏ షాపుదో, ఏ తేదీనో రాసి గాజుసీసాలో వేశాడు. సీసా అప్పటికే మెడదాకా నిండింది.

పదకొండేళ్ళ కిందట ఇలాగే తీగ కత్తిరించిన కరెంటు కెటిల్ ఒకటి ఆయన భార్య కుడిచేతిని పట్టేసుకుంది. ప్రాణం దక్కింది గానీ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అడగబోతే, “తడిచేత్తో ముట్టుకుని ఉంటుంది” అన్నాడు అది అమ్మిన షాపాయన. ఆ మాట మేస్త్రీకి ఇప్పటికీ గొంతు దిగలేదు. కొనేవాళ్ళ తరఫున ఒక సంఘం పెట్టాలి. ఎవరు ఏ వస్తువు తెచ్చినా విప్పి చూసి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసివ్వాలి. ఊరికే. ఆయనకి ఉన్న కోరికల్లా అదొక్కటే.

సంఘం రిజిస్ట్రేషన్‌కి ఏడు సంతకాలు కావాలి. తనదానితో కలిపి ఆరయ్యాయి. మొదటి గీత ఖాళీ. అది భార్యది. ఇంకెవరినీ అక్కడ చెయ్యి పెట్టనివ్వలేదు. ఆఫీసు గుమస్తా రెండుసార్లు కాగితం వెనక్కిచ్చాడు.

“అక్క సంతకం పెట్టేలోపు నా జుట్టు నెరిసిపోతుంది,” అంది ఇస్త్రీ ఆమె.

“పోనీ, నువ్వూ ఒకటి పెట్టరాదూ?”

“అమ్మో! ఆ షాపాయన ఇంటి బట్టలే నాకు సగం పని. నా పొట్ట కొట్టకన్నా!”

మేస్త్రీ నవ్వాడు. నవ్వుతూనే ఎడమ భుజం రుద్దుకున్నాడు.

మధ్యాహ్నం భార్య క్యారియర్ తెచ్చింది. యాభై దాటాక, ఎడమచేత్తో, ఆమె అక్షరాలు నేర్చుకుంటోంది. పలకమీద ప్రతి అక్షరం పక్కదానిమీద వాలిపోతుంది.

“అధ్యక్షురాలి సంతకం కోడి గెలికినట్టుంటే నలుగురూ నవ్వరూ?”

“నవ్వనీ. వాళ్ళింట్లో ఇస్త్రీపెట్టె పాడైతే నా దగ్గరికే తేవాలిగా.”

ఆమె నవ్వాపుకుని, కాగితం మడిచి తీసుకుంది. “ఇంటి దగ్గర నిమ్మళంగా పెడతాను. సాయంత్రం తెస్తా.”

ఆయన గుమ్మందాకా వచ్చాడు. ముడుచుకోని వేళ్ళతో కాగితాన్ని గుండెకి అదుముకుని ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూశాడు. తర్వాత లోపలికొచ్చి, కొత్త ఆకుపచ్చ తీగ కత్తిరించి ఇస్త్రీపెట్టెలో బిగించాడు.

ఎండ తగ్గకముందే ఆమె వచ్చేసింది. “ఏవండీ, పెట్టేశాను. చూడండి!”

మేస్త్రీ గోడకి తల ఆనించి కూర్చున్నాడు. కళ్ళద్దాలు ముక్కుమీదే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ ఒళ్ళో ఉంది. కునుకు పట్టిందేమో, లేపడం ఎందుకని ఆమె ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. ఆయన లేస్తే చూపిద్దామని కాగితం విప్పి పట్టుకునే ఉంది. ఎంతకీ లేవకపోతే ఆయన చెయ్యి ముట్టుకుంది. చల్లగా తగిలింది.

రెండు వారాలకి ఆయన భార్య కొట్టు తలుపు తీసింది. తన పెట్టె కోసం ఇస్త్రీ ఆమె వచ్చింది.

“కాగితం ఇచ్చొచ్చావా అక్కా?”

“ఇంకెక్కడి కాగితం! నేను పెట్టి ఏడు చేశాను. ఆయన వెళ్ళిపోయి ఆరు చేశాడు.”

ఇస్త్రీ ఆమె కాసేపు సీసా వైపే చూసింది. చెయ్యి చెంగుకి తుడుచుకుంది.

“కలమేదీ?”

“మరి షాపాయన బట్టలో?”

“నలిగిన బట్టలు ఆయనింట్లోనే ఉన్నాయా ఏంటి? ఇటివ్వు.”

మేస్త్రీ సంతకం కింద ఆమె తన పేరు రాసింది.

బల్లమీద ఇస్త్రీపెట్టె మూత తీసే ఉంది. లోపల ఆకుపచ్చ తీగ గట్టిగా బిగించి ఉంది. పక్కనే సీసా మూతలో, ఆయన ఊడదీసిన నాలుగు మరలు.