బెంగ లేని జోజప్ప

జరగండి, నీడలోకి జరగండి. ఆ మూల గుసగుసలు కాసేపు ఆపండమ్మా. నేను చెప్పడం అయ్యాక ఎవర్ని తిట్టుకుంటారో తీరిగ్గా తిట్టుకోండి.

ఆ ఏడు మా సెర్తావు మెట్టసీమలో ఎంత కరువంటే, ఆకాశంలో చిన్న మబ్బు కనబడితే చాలు, ఎవరో కొత్తమనిషి వచ్చాడని కుక్కలు మొరిగేవి. మా మేక తన నీడని నాకి, తడిగా ఉందేమోనని మళ్ళీ నాకింది. అబద్ధమైతే మేకనే అడగండి.

మార్చిలో, యేసుని పెంచిన తండ్రి పునీత జోజప్ప పండగలోపు వాన పడకపోతే ఇక ఆ ఏడు పంట లేనట్టే. పడకపోతే ఇల్లు తాళంవేసి, పనికోసం సావో పాలో పట్నం లారీ ఎక్కుదామని మా ఊరి ఇదలీనా మొగుడు తేల్చేశాడు. ఇదలీనాకి కాళ్ళు రాలేదు. ఇంటి వెనక ఆమె పసిబిడ్డ సమాధి ఉంది మరి.

వాన కోసం మావాళ్ళు ఎవరింట్లోనో జోజప్ప బొమ్మని దొంగిలించి దాచేస్తారు. సొంతింటి మీద బెంగపెట్టుకుని ఆయన వాన కురిపిస్తాడు. అప్పుడు పూలతో, పాటలతో ఊరేగించి అప్పగిస్తారు. ఇదలీనా తన అన్న బెలార్మీనో ఇంటికెళ్ళి, వాళ్ళమ్మ మొక్కిన జోజప్పని గౌను కింద దాచి తెచ్చేసింది.

పొరపాటు అక్కడే జరిగింది. బెలార్మీనో ఆ మధ్యే, బొమ్మలకీ పునీతులకీ మొక్కకూడదనే పాస్టరు గారి సంఘంలో చేరాడు. జోజప్పని కోళ్ళగూటి మీదికి ఎక్కించాడు. బొమ్మ పోయిందని తెలిసి, పీడ వదిలిందన్నాడు. అడిగేవాడే లేనప్పుడు ఆయనకి మాత్రం ఏ ఇంటి మీద బెంగ?

ఇదలీనా అన్న గుమ్మంలో నిలబడింది.

"అన్నా, నీ జోజప్ప నీకు కావాలని ఒక్కసారి అనవా?"

"కిడ్నాప్ చేసిందీ నువ్వే, ఏడవమంటున్నదీ నన్నేనా? చెల్లీ, మనకీ దేవుడికీ మధ్య ఉన్నది యేసుప్రభువు ఒక్కడే. చచ్చిపోయినవాళ్ళని అడగడమేంటే?"

"నీ పిల్లకి జ్వరమొస్తే ప్రార్థన చెయ్యమని నన్ను అడిగావుగా. నన్ను అడగొచ్చు, దేవుడి పక్కనున్నాయన్ని అడక్కూడదా?"

"నువ్వు బతికున్నావు."

"ఎక్కడ బతికున్నాను? ఆ బిడ్డతోటే పోయాను."

బెలార్మీనో తలుపు మెల్లగా వేసుకున్నాడు.

పండగ రోజు పొద్దున్నే వీధిలోకి వచ్చాడు. చంకలో బైబిలు. సంఘంలో చేరాక అబద్ధమాడని మనిషి, ముఖం బూడిదలా పెట్టుకుని అరిచాడు.

"ఎవరే నా జోజప్పని ఎత్తుకెళ్ళింది? నాకు కావాలి! నా జోజప్ప నాకు కావాలి!"

ఎదురింటి అరుగు మీద పాస్టరు కాఫీ తాగుతున్నాడు. కప్పు కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ ఆదివారం నుంచి సంఘంలో బెలార్మీనోని పాట పాడనివ్వలేదు.

వాన? మధ్యాహ్నానికి ఒక మబ్బు వచ్చింది. మమ్మల్నందర్నీ ఓసారి చూసి, దారి తప్పినదానిలా సిగ్గుపడి వెళ్ళిపోయింది.

మర్నాడు లారీ వచ్చింది. ఇదలీనా బొమ్మని అన్న చేతికివ్వబోయింది.

"వాన పడలేదుగా. నువ్వే ఉంచుకో" అన్నాడు బెలార్మీనో.

"నువ్వు కావాలన్నావుగా అన్నా?"

"అన్నాను."

ఇదలీనా ఇంటి వెనకవైపే చూస్తోంది. అన్నకది తెలిసింది.

"చచ్చినవాళ్ళ కోసం ప్రార్థన చెయ్యనే, చెల్లీ. నాకది కుదరదు. కానీ మేకలు తొక్కకుండా కంచె కడతాను. రోజూ వెళ్ళి కాసేపు కూర్చుంటాను."

ఆమె బొమ్మని ఒళ్ళో పెట్టుకుని లారీ ఎక్కింది. దుమ్ము లేచింది. బెలార్మీనో దాంట్లోనే నిలబడిపోయాడు, దగ్గకుండా, కళ్ళు తుడుచుకోకుండా.

అంతా అరుగు మీంచి చూస్తున్న ముసలి జెఫెరీనో పొగాకు ఉమ్మి, "పిచ్చిమొహాల్లారా! జోజప్పని కాదు, ఆ లారీ డ్రైవర్ని దొంగిలించి దాచుంటే పోయేదిగా! లారీ కదిలేదీ కాదు, వాడి పెళ్ళానికైనా బెంగపుట్టేది!" అన్నాడు.