మగ్గానికి పెట్టిన బెల్లం

“కాలు తీసేస్తామంటే ఒప్పుకోవద్దురా సంజీవా! ఇప్పుడే చెప్తాండా.”

రైలు ఇంకా ధర్మవరం స్టేషను కదలనే లేదు. ఇంజను నీళ్ళు తాగుతోంది. హిందూపురం డాక్టరు పొడుగో పొట్టో తల్లికీ తెలియదు, కొడుక్కీ తెలియదు.

“ఆయన మొగం కూడా సూడ్లేదు కదమ్మా మనం,” అన్నాడు సంజీవప్ప.

“సూసినాంక నాకు నోట మాట వస్తాదో రాదో. అందుకే ముందే చెప్పి పెడ్తాండా.”

కుళ్ళాయమ్మ తీరే అంత. పాలు పొంగితే పొయ్యి ఆరదు, ఇల్లే అంటుకుంటుంది. కొడుకు సంత నుంచి కాస్త ఆలస్యంగా వస్తే ఏ బండి కిందో పడ్డట్టే. రెండో తరగతి దాకా చదివింది గనుక అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. చదివిన ప్రతిదానిలోనూ ఆమెకు కీడే కనబడుతుంది.

ఈసారి మాత్రం ఆమె భయం ఉత్త భయం కాదు. మగ్గం గుంతలో రాయి గీరుకుని కొడుకు కుడికాలి బొటనవేలు పుండయింది. పసుపు పెట్టారు, వేపాకు కట్టారు, ఎంతకీ మానలేదు. మనిషి కూడా చిక్కిపోయాడు. కడవ ముందర పెట్టుకుని నీళ్ళు తాగుతున్నాడు. పట్టుచీర నేసేవాడికి చేతులెంతో కాళ్ళూ అంతే. గుంతలో కూర్చుని చెక్క తొక్కకపోతే పోగు లేవదు. కాలు పోతే మగ్గం పోయినట్టే, మగ్గం పోతే బిడ్డ బతుకు పోయినట్టే.

హిందూపురంలో డాక్టరు ముందు కాలు చూడలేదు. గాజు గొట్టంలో నీలం మందు పోశాడు. సంజీవప్ప మూత్రం కొన్ని చుక్కలు దానిలో వేసి దీపం మీద కాచాడు. నీలం కాస్తా చిలకపచ్చ అయింది, చిలకపచ్చ పసుపయింది, చూస్తుండగానే ఇటుక రంగుకు తిరిగింది. తల్లీ కొడుకులిద్దరూ ముందుకు వంగి నోరు తెరుచుకుని చూశారు. రంగులు చూస్తే నేతవాళ్ళకు ఒళ్ళు తెలియదు.

“భలే రంగు సామీ! ఇది పట్టుకు పడితే అంచుకు శానా బాగుంటాది,” అన్నాడు సంజీవప్ప.

కుళ్ళాయమ్మ కొడుకు తొడమీద గట్టిగా గిల్లింది.

“అది నీ ఒంట్లో చక్కెరప్పా,” అన్నాడు డాక్టరు. “ఈ రంగు మారితే పుండు మానుతుంది. మారకపోతే ముందు వేలు, తర్వాత పాదం. దీనికి సూదిమందు ఉంది గానీ ముందు తిండితో చూద్దాం. అన్నం, సంగటి, రొట్టె, బెల్లం, మామిడిపండు, అన్నీ బంద్.”

“మరేం తినల్ల సామీ నా బిడ్డ? గాలా?”

“మాంసం, గుడ్లు, ఆకుకూరలు, వెన్న, మజ్జిగ.”

“మా ఇంట్లో నీచు ముట్టం సామీ.”

“అయితే వేయించిన శెనక్కాయలు, టెంకాయ, పెరుగు. కాకరకాయ ఎంతైనా పెట్టమ్మా. బలానికి ఈ నూనె పొద్దున ఒక చెంచా,” అని ఒక సీసా ఇచ్చాడు.

తిరుగు రైల్లో కుళ్ళాయమ్మ సీసా మీద బొమ్మ చూసింది. చేప! సీసా చేతిలోనుంచి జారి ఒళ్ళో పడింది. పారేద్దామంటే డాక్టరిచ్చిన మందు, తాగిద్దామంటే కులం. ఇంటికొచ్చి రెంటికీ చెడకుండా ఆ నూనె తలుపు బందులకు పూసింది. ఆ వారం నుంచి వీధిలోని పిల్లులన్నీ ఆమె గడపలోనే కాపురం పెట్టాయి.

ఇంట్లో సంగటికట్టె అటక ఎక్కింది. సంగటి లేకుండా మగవాడు బతుకుతాడంటే కుళ్ళాయమ్మకు నమ్మకం లేదు. అయినా కాలు గుర్తొచ్చినప్పుడల్లా మనసు రాయి చేసుకునేది. పొద్దున మజ్జిగలో మెంతిపొడి, మధ్యాహ్నం తోటకూర, పుంటికూర, వెన్నతో వంకాయ, రాత్రికి మళ్ళీ కాకర. ఇరుగుపొరుగు ఎవరేం చెప్పినా అది ఇంట్లోకి రావలసిందే. నేరేడు గింజల పొడి వచ్చింది, తంగేడు పూల కషాయం వచ్చింది. శెనక్కాయలు తానే వేయించి, ఎక్కడ ఎక్కువైతే పైత్యం చేస్తుందోనని పిడికిలితో కొలిచి పెట్టేది. కోడలు సిద్దమ్మ బియ్యం కడిగితే ఆ నీళ్ళు కూడా దూరంగా పారబోయమనేది.

“వాసన పోయి వాని ఒంట్లో దూరుతాదే పిల్లా!”

“వాసనకే సక్కెర వస్తే అత్తా, మనమందరం ఈపాటికి బెల్లం దిమ్మెలై ఉండాల్సింది,” అనేది సిద్దమ్మ.

విచిత్రమేమంటే సంజీవప్ప గొణగలేదు. పెట్టిందల్లా తిన్నాడు. కాకరకాయ తిని “శానా బాగుండాదమ్మా” అన్నాడు కూడా. ఆ మాట వినగానే కుళ్ళాయమ్మకు పై ప్రాణాలు పైనే పోయాయి. కాకరకాయ బాగుందనేవాడు ఎన్నాళ్ళో బతకడని ఆమె లెక్క.

కానీ వాడు చావలేదు సరిగదా, మునుపెన్నడూ లేనంత హుషారుగా నేస్తున్నాడు. ఇదివరకు చీర కోతకు రావడానికి రోజులకు రోజులు పట్టేది. ఇప్పుడు నాలుగునాళ్ళకోసారి “అమ్మా, కోత!” అని కేక. ఆ ఇంట్లో తాతల నాటి పద్ధతి ఒకటుంది. నేసిన గుడ్డను మగ్గం మీద నుంచి కోసేటప్పుడు దీపం వెలిగించి, టెంకాయ కొట్టి, బెల్లమూ పప్పులూ మగ్గానికి పెడతారు. ఆ బెల్లం మొదట నేసినవాడి నోట్లో పెట్టాలి. ఇంటి పెద్దావిడ తన చేత్తో పెట్టాలి. పెట్టకపోతే తర్వాతి పడుగు పోగులు ముక్కలు ముక్కలుగా తెగుతాయంటారు. మగ్గానికి పెట్టింది గదా, కాదనలేక కుళ్ళాయమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని పిడికెడు బెల్లం కొడుకు నోట్లో పెట్టేది. “కాకరకాయ ఎంత బలమిచ్చిందిరా నాయనా!” అని మురిసిపోయేది. కోసిన గుడ్డ చుట్టి పట్టు షావుకారుకు పంపేది మాత్రం సంజీవప్పే.

నెల తిరిగి మళ్ళీ హిందూపురం పోయారు. నీలం మందు కాగింది. చిలకపచ్చ, పసుపు, ఇటుక. అదే ఇటుక!

“ఏం పెడుతున్నావమ్మా?” అన్నాడు డాక్టరు, విసుగ్గా.

“మెతుకు ముట్టలేదు సామీ! నా బిడ్డ మీద ఆన.”

“చక్కెర గాలిలోనుంచి రాదమ్మా.”

దారి పొడవునా ఆమె గాలిని కూడా అనుమానించింది. దిష్టి అనుకుంది. కోడలు దొంగచాటుగా సంగటి పెడుతోందనుకుంది. ఇల్లు చేరగానే చెంబులూ ఉట్లూ సిద్దమ్మ పెట్టెతో సహా వెతికింది.

“నా చీరల మడతల్లో సంగటిముద్ద దాస్తానా అత్తా!” అని కోడలు మూతి తిప్పింది.

మర్నాడు పట్టు ఇచ్చే షావుకారు సుబ్బరాయుడు గడపలో పిల్లుల్ని కాలితో తప్పించుకుంటూ లోపలికొచ్చాడు. చేతిలో పట్టు ముక్కల మూట.

“ఏమప్పా సంజీవా! నేనిచ్చింది చీరలకు. పద్దెనిమిది మూరల పెళ్ళిచీరలు నేయమంటే ఇవేందప్పా? రవికె గుడ్డలు, చేతిరుమాళ్ళు! ఇది సూడు, జానెడు! పట్టుతో ముక్కు తుడుచుకునేవాడు ఈ జిల్లాలో ఎవడుండాడప్పా?”

గుంతలో సంజీవప్ప తల వంచుకున్నాడు. కుళ్ళాయమ్మ ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పరిచి చూసింది. ప్రతి ముక్కకూ ఒక కోత. ప్రతి కోతకూ ఒక దీపం. ప్రతి దీపానికీ ఒక పిడికెడు బెల్లం, అదీ తన చేత్తోనే! ఆమె ఆ ముక్కల నడుమే చతికిలపడింది.

“ఓరి దొంగ సచ్చినోడా! బెల్లం కోసరం మగ్గాన్నే మోసం చేస్తివి కదరా!”

“మోసమేంది మా? డాక్టరు తిండి వద్దన్నాడు గానీ పెసాదం వద్దన్లేదు కదా.”

సిద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. షావుకారు నవ్వలేక దగ్గాడు. ఇక మీద చీరలే రావాలని గట్టిగా చెప్పి వెళ్ళిపోయాడు. నవ్వే ఓపిక లేనిది ఒక్క కుళ్ళాయమ్మకే. బెల్లం పెడితే కాలు పోతుంది. పెట్టకపోతే పడుగు తెగుతుంది, మగ్గానికి కోపం వస్తుంది, ఆ కోపం కూడా తిరిగి తిరిగి బిడ్డ కాలిమీదికే వస్తుంది. ఎటు చూసినా నుయ్యీ గొయ్యే.

ఆ దిగులుతోనే రైలెక్కి పెనుకొండలో ఉన్న తన అక్క హనుమక్క దగ్గరకు పోయింది. హనుమక్క చెల్లెలి ఏడుపు సాంతం విని, పక్కింటివాళ్ళు కొండమీద నుంచి మేకలతో పాటు తెచ్చిన ఆకులు ఒక గుప్పెడు తీసింది.

“ఇది పొడపత్రి. నములు.”

“నాకేం జబ్బే అక్కా?”

“నమలవే పిరికిదానా!”

కుళ్ళాయమ్మ నమిలింది. చేదుగా, పసరుగా ఉంది. వెంటనే హనుమక్క ఆమె నోట్లో బెల్లం పెట్టింది. కుళ్ళాయమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. ఒకసారి చప్పరించింది, రెండోసారి చప్పరించింది.

“అక్కా! నా నాలుక సచ్చిపోయిందే! ఇది మన్ను మాదిరి ఉండాదే! నేనింక బతకనా ఏమి?”

“ఏం సావవులే. మా వీధిలో పిల్లకాయలు ఒకర్నొకరు ఇట్లే ఏడిపించుకుంటారు. ఈ ఆకు నమిలితే గడియ సేపు నాలుకకు తీపి తెలీదు, అంతే. మగ్గానికి పెట్టేది పెట్టు. ముందు ఆకు తినిపియ్యి.”

తర్వాతి కోత నాలుగునాళ్ళలోనే వచ్చింది. ఆశ చావని సంజీవప్ప రెండు మూరలు నేసి, ఇది షావుకారు కూతురికి రవికె అని సర్దిచెప్పాడు. కుళ్ళాయమ్మ ఒక్క మాట అనలేదు. దీపం పెట్టింది, టెంకాయ కొట్టింది. పళ్ళెంలో బెల్లం ముక్క పక్కన అక్క ఇచ్చిన ఆకులు పేర్చి మగ్గానికి చూపించి దండం పెట్టుకుంది. ‘తల్లీ, ఇది మోసం కాదు, మందు. తప్పయితే నా కాలు తీసుకో, వాని కాలు ముట్టుకోవద్దు’ అని లోపలే మొక్కుకుంది.

“ఇదేంది మా, ఆకు?”

“పెసాదం. పెసాదం వద్దనకూడదు కదా నాయనా.”

సంజీవప్ప మొహం మాడ్చుకుని నమిలి మింగాడు. అప్పుడు ఆమె గోరంత బెల్లం గిల్లి నోట్లో పెట్టింది. వాడు కళ్ళు మూసుకుని చప్పరించాడు. కళ్ళు తెరిచాడు. తల్లి మొహం చూశాడు, పెళ్ళాం మొహం చూశాడు, పళ్ళెంలో బెల్లం తీసి వాసన చూశాడు. బెల్లమే. ఇంకో ముక్క తానే నోట్లో వేసుకుని, అంతే వేగంగా అరచేతిలో ఉమ్మేశాడు.

“ఎట్లుండాదిరా?” అంది కుళ్ళాయమ్మ.

వాడు నాలుక బయట పెట్టి వేలితో గీరుకున్నాడు.

“తీపి సాల్లేదా? ఇంగొంచెం పెట్టనా?”

వాడు లేచి నోరు పుక్కిలించాడు, అయినా మొహం విప్పుకోలేదు. వచ్చి గుంతలోకి దిగి, పుండున్న కాలు జాగ్రత్తగా చెక్క మీద ఆనించాడు. అడ్డపోగు మోసే నాడె చేతిలోకి తీసుకుని అట్లే కూర్చున్నాడు. సిద్దమ్మ నవ్వాపుకోలేక పట్టు చుట్టిన కండెల బుట్ట తీసుకుని వెనక్కి పోయింది. కుళ్ళాయమ్మ మళ్ళీ కీడు లెక్కలు మొదలుపెట్టింది. ఆకు ఎక్కువయిందా? నాలుక నిజంగానే పోయిందా? మూగవాడయ్యాడా? దీపంలో నూనె సగానికి దిగింది. ఆమె దగ్గరకు పోయి గుంత అంచున కూర్చుంది.

“సంజీవా! ఏమన్నా మాట్లాడురా. భయమైతాంది.”

నాడె అటు పోయింది, ఇటు వచ్చింది. మళ్ళీ పోయింది. తల ఎత్తకుండానే సంజీవప్ప అన్నాడు.

“షావుకారుకు చెప్పమ్మా. ఇంకమీద పద్దెనిమిది మూరలకు ఒక వేలు కూడా తక్కువ కోయను.”