పిలక ఉన్న కాయ

విమానం దిగి బయటికి రాగానే సుధాకర్ చేతులు బార్లా చాపి గాలి పీల్చాడు. ఆ గాలిని తానే డబ్బు పెట్టి తెప్పించి ఇక్కడ పెట్టించినట్టు పీల్చాడు.

"చూడు బావా, గాలి ఎట్లుందో. మన దిక్కు ఉంటదా గిట్ల?"

"ఉడుకపోస్తుంది," అన్నాడు బుగ్గప్ప.

సుధాకర్ బుగ్గప్పకు బావమరిది. ప్లాట్లు అమ్ముతాడు. ముళ్లకంప ఉన్నచోట నిలబడి, ఇక్కడ పార్కు వస్తుంది, అక్కడ క్లబ్బు వస్తుంది అని చెప్పి చెప్పి, చివరికి తన మాట తానే నమ్మే స్థితికి వచ్చాడు. ఇప్పుడు అతని కన్ను అనంతగిరి గుట్ట కింద ఉన్న ఎకరంన్నర చెలక మీద పడింది. అది సుధాకర్ అక్క, బుగ్గప్ప భార్య ఇంద్రమ్మకు పెళ్లిలో పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన భూమి. ఇంద్రమ్మ పోయింది. పిల్లలు లేరు. భూమి బుగ్గప్ప పేరు మీదికి వచ్చింది. యాలాల్‌లో సొంత పొలం ఉన్నా, ఏటా తాండూరులో రైలెక్కి వచ్చి ఆ చెలకలో కంది వేసి పోతాడు. ఎందుకు అంత దూరం అని ఎవరైనా అడిగితే, నీ కాళ్లతోని వస్తున్ననా అంటాడు.

సుధాకర్‌కు అక్కడ రిసార్ట్ కట్టాలని ఉంది. సంతకం చెయ్యమని ఏడాదిగా తిరుగుతున్నాడు. చివరికి ఈ ఎత్తు వేశాడు.

"రిసార్ట్ అంటే ఏందో ఒక్కసారి కండ్లతోని చూడు బావా. అండమాన్‌కు తీసుకపోత. చూసి అప్పుడు చెప్పు."

"చూసి చెప్త," అన్నాడు బుగ్గప్ప.

అన్నమాట తప్పే మనిషి కాదు. కంది కోత అయిపోయింది, చేలో పని లేదు, ఇంట్లో మనిషి లేదు. వచ్చాడు. ఆ రిసార్ట్ ఇంకో దీవిలో ఉంది. మధ్యాహ్నం వెళ్లే ఫెర్రీ ఎక్కితే సాయంత్రానికి చేరతారు. అది తప్పితే మళ్లీ రేపే.

వెంట సుధాకర్ భార్య నిరోషా ఉంది. ఫోన్‌కు ముఖం చూపిస్తూ వెనక్కి నడుస్తోంది. సుధాకర్ తల్లి భీమమ్మ కూడా ఉంది. ముసలామెను ఎందుకు తెచ్చాడో బుగ్గప్పకు తెలుసు. రిసార్ట్ చూసినా తాను మెత్తబడకపోతే ఆమె చేత ఏడిపించడానికి. అత్తకూ అల్లుడికీ మొదటినుంచీ మాటలు తక్కువ. ఇంద్రమ్మ పోయాక ఆ తక్కువ కూడా పోయింది.

ఇప్పుడు భీమమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదు. మొదటిసారి పెద్ద నీళ్లు దాటేటప్పుడు గంగమ్మకు కాయ కొట్టాలని వాళ్లింట్లో పట్టింపు. కాగ్నా నది పొంగినప్పుడు కూడా కాయ కొట్టకుండా అవతలికి వెళ్లిన మనిషి కాదు ఆమె. వికారాబాద్ నుంచి మంచి కాయ ఏరి సంచిలో పెట్టుకుంటే, విమానం ఎక్కే ముందు తనిఖీలో తీయించారు.

"ఫికర్ చెయ్యకమ్మా, అక్కడ అన్నీ కొబ్బరిచెట్లే," అన్నాడు అప్పుడు సుధాకర్. ఆ మాట పట్టుకుని వచ్చింది.

టాక్సీ డ్రైవర్ తెలుగువాడే. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట. దారి పొడుగునా కొబ్బరిచెట్లు. వాటికింద పచ్చటి బోండాల కుప్పలు. సుధాకర్ ఒకచోట కారు ఆపించి, ఒక బోండం తెచ్చి తల్లి ఒళ్లో పెట్టాడు.

"ఇగో కాయ."

"గిది తాగే బోండంరా. పిలక ఏది?"

"అత్తమ్మా, దేవుడు పిలక చూస్తడా?" అంది నిరోషా.

"అంచు లేని చీర పెడితే నువ్వు తీసుకుంటవా?"

నిరోషా ఫోన్‌లోకి చూసుకుంది. బుగ్గప్ప కిటికీ వైపు తిరిగాడు. ముసలిదానికి నోరు మాత్రం తగ్గలేదు.

"ముదురు కాయ కావాలంటే సందులో కిరాణా కొట్టుందండి," అన్నాడు డ్రైవర్.

సందులోకి వెళ్లారు. కొట్టువాడు కూరకు వాడే కాయలు అమ్ముతాడు. పీచంతా ఒలిచి నున్నగా చేసి పెట్టాడు. భీమమ్మ ఒకటి తీసుకుని చెవి దగ్గర ఊపి చూసింది.

"నీళ్లున్నయి. కాని బోడిది. నా లెక్క." తిరిగి ఇచ్చేసింది.

"అమ్మా, షిప్పు పోతదే," అన్నాడు సుధాకర్.

"గంగమ్మ యాడికి పోదు."

కొబ్బరిచెట్ల దీవిలో కొబ్బరికాయ కోసం తిరగడం బుగ్గప్పకు లోపల నవ్వు తెప్పించింది. బయటికి నవ్వలేదు. సుధాకర్ చెమటలు తుడుచుకుంటూ మళ్లీ రిసార్ట్ ఎత్తుకున్నాడు. గదిలోంచి అడుగు బయట పెడితే నీళ్లేనట. మంచం మీద తువ్వాలను హంసలాగా మడిచి పెడతారట.

"తువ్వాల ఎందుకు మడుస్తరు?" అన్నాడు బుగ్గప్ప.

"చూస్తానికి బావా."

"తుడుసుకోను ఇంకోటి ఇస్తరా?"

డ్రైవర్ దగ్గాడు. సుధాకర్ ఏసీ పెంచమన్నాడు.

రేవు చేరేసరికి జనం వరసలో ఉన్నారు. టికెట్లు చూడాలి, ఆధార్ కార్డులు చూడాలి, సంచులు మిషన్‌లో వేయాలి. సుధాకర్ ఫోన్‌లో టికెట్లు వెతుకుతూ ముందుకు తోసుకుపోయాడు. రోడ్డు పైన మలుపులో ఒక చిన్న గుడి, దాని మీద జెండా కనిపించాయి. భీమమ్మ వాటిని చూసింది. సంచి బుగ్గప్ప కాళ్ల దగ్గర పెట్టి, డ్రైవర్‌ను వెంట తీసుకుని అటు నడిచింది. బుగ్గప్ప చూశాడు. ఎవరికీ చెప్పలేదు. నన్ను అడగనిదే నేనెందుకు చెప్పాలి అనుకున్నాడు.

వరస కరిగిపోయింది. గేటు దగ్గర మనిషి త్వరగా రమ్మని అరిచాడు.

"అమ్మ ఏది?" అన్నాడు సుధాకర్.

"గుడి దిక్కు పోయింది."

"చెప్పకపోతివి?"

"అడిగినవా?"

సుధాకర్ తల్లికి ఫోన్ చేశాడు. అది నిరోషా చేతిసంచిలోనే మోగింది. రోడ్డు వైపు చూశాడు. ఫెర్రీ వైపు చూశాడు. రెండో చూపే ఎక్కువసేపు నిలిచింది.

"గిట్ల చేద్దాం బావా. డ్రైవర్ ఉన్నడు కద. ఫోన్ చేసి చెప్త. అమ్మను లాడ్జిల దింపుతడు. రేపటి షిప్పుకు ఎక్కిస్తడు. నువ్వు దా."

"ఆమెకు చదువు రాదు. పైసలు నీ దగ్గరున్నయి. ఫోన్ నీ పెండ్లాం దగ్గరుంది."

"డ్రైవర్‌కు తెలుగొస్తది కద."

"పొద్దున దొరికిన డ్రైవర్."

"అన్నా, అత్తమ్మదేముంది," అంది నిరోషా. "మనం నీ కోసమే కద వచ్చింది. నువ్వు చూడాలె."

సుధాకర్ అతని చెయ్యి పట్టుకుని గేటు వైపు లాగాడు. "అమ్మ రేపు వచ్చినా నడుస్తది. ముఖ్యం నువ్వు."

బుగ్గప్ప ఆ చెయ్యిని చూశాడు. ఇంద్రమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఈ చెయ్యి ఒకసారి ఆపిల్ పండ్ల సంచి మంచం మీద పెట్టింది. కారు పెట్టను జాగ లేదు అక్కా అని చెప్పి, పండు కోసి పెట్టకుండానే వెళ్లిపోయింది. ఇవాళ మాత్రం ఎంత గట్టిగా పట్టుకుంది. ఎకరంన్నర ఉన్న మనిషి చెయ్యి కదా. సంతకం అయిన మరునాడు ఈ ముఖ్యమైన మనిషి కూడా రేపటి షిప్పుకే వస్తాడు.

చెయ్యి విడిపించుకున్నాడు. తన సంచీ, భీమమ్మ సంచీ భుజాన వేసుకున్నాడు.

"యాడికి బావా? ఇంక చూడనే లేకపోతివి."

"చూసిన."

"ఏం చూసినవ్?"

బుగ్గప్ప రోడ్డు వైపు తిరిగాడు. నిరోషా భర్త మోచేయి తట్టింది. "రూమ్ పోతదండీ." సుధాకర్ గేటు లోపల నిలబడి రెండుసార్లు వెనక్కి చూశాడు. తల్లిని వదిలిపోవడం లేదని తనను తాను నమ్మించుకోవడానికి ఆ రెండు చూపులు సరిపోయాయి. "రేపు పొద్దుగాల అమ్మను తీసుకొని దా బావా, నేను అన్నీ సెట్ చేస్త," అని చెయ్యి ఊపి ఫెర్రీ ఎక్కాడు.

ఫెర్రీ కదిలి కొంత దూరం పోయాక భీమమ్మ వచ్చింది. చేతిలో కొబ్బరికాయ. దానికి జానెడు పిలక. పూజారి తన కాయల్లోంచి ఒకటి ఇచ్చాడట. ఆమె ఖాళీ రేవును చూసింది, అల్లుణ్ని చూసింది.

"పోయిండా?"

"పోయిండు."

"నువ్వెందుకు పోలే?"

"నీ సంచి ఎవరు మోస్తరు?"

భీమమ్మ నీళ్ల మీద తెల్లగా పోతున్న ఫెర్రీని కాసేపు చూసింది. ముఖంలో ఏమీ మారలేదు.

"వాడు ఏడ్వుమని తీసుకొచ్చిండు నన్ను. నీ ముంగట," అంది.

"తెలుసు."

"నేను వస్తనన్న. ఏడుస్తననలే. సముద్రం చూద్దామని వచ్చిన."

బుగ్గప్ప ఇన్నాళ్లూ ఈమె కొడుకు పక్షమే అనుకున్నాడు. అనుకున్నందుకు చింతించలేదు. అనుకునేలా ఉంది ఆమె ముఖం.

"నేను చెలక ఇయ్యను," అన్నాడు.

"నాకెందుకు చెప్తున్నవ్? అది నా బిడ్డది. అడిగేదానికి వాడెవడు, ఇయ్యమనేదానికి నేనెవరు?"

రేవు గోడ పక్కన నీళ్లలోకి దిగే మెట్లున్నాయి. భీమమ్మ కూర్చుని మెట్టు అంచుకు కాయ కొట్టింది. వంకరగా పగిలింది. పిలక ఉన్న చెక్క నీళ్లలో వేసింది. అల దాన్ని తెచ్చి మళ్లీ మెట్టు మీద పెట్టింది. ఆమె మళ్లీ తోసింది. మళ్లీ వచ్చింది.

"తీసుకుంటలేదు," అన్నాడు బుగ్గప్ప.

"గంగమ్మకు తొందర లేదు. అందరు నీ లెక్క ఉంటరా?"

డ్రైవర్ పైనుంచి అడిగాడు. "ఎక్కడికి తీసుకెళ్లమంటారండి?"

"వచ్చిన కాడికే. విమానం దగ్గరికి."

"ఇవాళ ఇంక విమానాలు లేవండి. రేపే."

భీమమ్మ అప్పటికే పాదాలు నీళ్లలో పెట్టింది. రెండో చెక్కలోంచి కొబ్బరి ముక్క ఊడబీకి అల్లుడికి ఇచ్చింది. అతను పై మెట్టు మీద కూర్చుని నమిలాడు.

"గట్టిగుంది," అన్నాడు.

"గంగమ్మ కాయకు గూడ వంక పెడుతున్నవ్. నా బిడ్డ నీతోని ఎట్ల ఏగిందో."

బుగ్గప్ప నమలడం అయ్యాక ఇంకో ముక్క కోసం చెయ్యి చాపాడు.