ఎదురుగాలి లేని సైకిలు

సైకిలు తొక్కేవాడికి సైకిలుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేవాళ్ళు కొందరుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. డ్రైవరు సెలవు రోజున స్టీరింగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాడా? వంటవాడు గరిటె దిండు కింద పెట్టుకుని పడుకుంటాడా? మరి నేనెందుకు పొద్దస్తమానం సైకిలు మీదే ఉండాలి? ఈ ప్రశ్న మా బావమరిదిని అడగాలి. అడిగాను కూడా. ఏం లాభం, చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

నేను పనిచేసినన్నాళ్ళూ బేకరీ రొట్టెలు సైకిలు మీద కొట్లకి వేసేవాణ్ణి. వెనకాల రేకు పెట్టె, పొద్దున్నే వేడి వేడి రొట్టె వాసన, కుక్కలు వెంటపడేవి. పని మానేశాక కూడా కాళ్ళు మానలేదు. తెల్లారగానే బయల్దేరకపోతే మోకాళ్ళు గోల పెడతాయి. అలాంటి గోల ఉన్నవాళ్ళం నలుగురం కలిశాం. కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం చేసి దిగిపోయిన మీటరు. ఇప్పటికీ మిషను వదలని టైలరు. ఉత్తరాలు పంచిన బెల్లు. బెల్లు అన్నది అసలు పేరు కాదు. వీధి ఖాళీగా ఉన్నా సరే, కాకి కూర్చుంటే కాకికి కూడా బెల్లు కొట్టేవాడు. అందుకని ఆ పేరు పడింది.

మాది క్లబ్బూ కాదు, గిబ్బూ కాదు. అందరికీ ఒకే రంగు బనీన్లు కుడతానని టైలరు ఒకసారి మొదలెట్టాడు. ఆ రంగులో తను అరటిపండులా ఉంటానని మీటరు ఒప్పుకోలేదు. అంతటితో సరి.

సైకిలు మీద మేం ఒకడి వెనక ఒకడు పోతాం. ముందువాడి వీపు తప్ప ఏమీ కనపడదు, మాట్లాడితే సగం గాలికి పోతుంది. కాబట్టి మాటలన్నీ దాచుకుని తిరిగొచ్చాక క్యారమ్స్ బోర్డు దగ్గర తీర్చుకుంటాం. మేముండే అపార్టుమెంట్లో మెట్ల పక్కన ఒక గది ఉంది. అందులో ఒక బల్ల, దాని మీద బోర్డు, చుట్టూ నాలుగు కుర్చీలు. నేనూ టైలరూ ఒక జట్టు, బెల్లూ మీటరూ ఒక జట్టు. ఆ గదిలో మేం తిట్టుకున్న తిట్లు రోడ్డు మీద తిట్టుకుంటే పోలీసులొస్తారు. ఆట అయ్యాక ఎవడి ఇంటికి వాడు హాయిగా పోతాం. సైకిలు కాళ్ళకైతే బోర్డు కడుపుబ్బరానికి అన్నమాట.

ఇలా ఉండగా బెల్లు పడ్డాడు. కొత్తగా తారు పోసిన మలుపులో కంకర మీద చక్రం జారింది. తుంటి ఎముక విరిగితే లోపల ప్లేటు వేశారు. కర్ర పట్టుకుని నడుస్తాడు గానీ ఆ కాలు పైకి లేవదు. సైకిలు ఎక్కాలంటే కాలు వెనక నుంచి తిప్పి వెయ్యాలి కదా, అదే కుదరదు. మధ్యలో బారు లేని ఆడవాళ్ళ సైకిలు కొనిస్తానని వాళ్ళమ్మాయి అంది. ఊరందరినీ బెల్లు కొట్టి పక్కకి తప్పించినవాణ్ణి, ఇప్పుడు ఊరు నన్ను చూసి నవ్వుతూ తప్పుకోవాలా అని మొండికేశాడు. వాడి సైకిలు మెట్ల కింద గొలుసేసి ఉంది. రోజూ దాని సీటు మాత్రం తుడుస్తాడు.

కానీ గుంపులోంచి పోలేదు. అది బోర్డు చలవ. మేం రోడ్డు మీద ఉండగా వాడు గది తాళం తీసి, బోర్డు తుడిచి, పౌడరు చల్లి, కాయిన్స్ పేర్చి కూర్చునేవాడు. మేం చెమటలు కక్కుకుంటూ రాగానే మొదటి మాట ఒకటే.

"ఎదురుగాలి ఉందా ఇవాళ?"

ఉందంటే ఎక్కడ మొదలైంది, వంతెన మీదా, కిందా, ఎవడు ముందు దిగాడు, ఏ వీధి తవ్వేశారు, అన్నీ అడిగేవాడు. మేం చెప్పేవాళ్ళం. చెపుతుంటే కుర్చీలో వాడి మడమలు కదిలేవి. మేం చూడనట్టు ఉండేవాళ్ళం.

ఒకరోజు తిరిగొచ్చేసరికి బెల్లు గదిలో లేడు. మెట్ల మీద కూర్చున్నాడు, చేతిలో పౌడరు డబ్బా. గది తలుపు తెరిచే ఉంది. లోపల బల్ల లేదు, బోర్డు లేదు, కుర్చీలు లేవు. గోడకి పెద్ద అద్దం. ఆ అద్దం ముందు వరసగా నాలుగు సైకిళ్ళు. సైకిళ్ళంటే చక్రాలు లేని సైకిళ్ళు. తొక్కితే ఎక్కడికీ పోనివి. గానుగెద్దు కూడా గుండ్రంగా తిరుగుతుందండీ. ఇది అదీ లేదు. పైగా ఎదురుగా అద్దం. ఎంత తొక్కినా ఎదురొచ్చేది మన మొహమే.

వాటి పక్కన మా బావమరిది నుంచున్నాడు. మా ఆవిడ తమ్ముడు. అపార్టుమెంటు కమిటీకి సెక్రటరీ. మళ్ళీ సైకిలెక్కి ఎరగడు, వాళ్ళక్క పెళ్ళిలో నా సైకిలెక్కి మురుగుకాలవలో పడ్డప్పటి నుంచీ. పెళ్ళికొడుకులా నవ్వుతున్నాడు.

"చూశావా బావా, నీకోసమే పట్టుబట్టి కొనిపించాను. ఇక ఎండా వానా బాధ లేదు. ఎంతసేపు కావాలంటే అంతసేపు తొక్కుకో."

బోర్డేదిరా అన్నాను. మోటారు గదిలో పెట్టించానన్నాడు. సైకిళ్ళవాళ్ళకి సైకిళ్ళు పెడితే బోర్డుతో ఏం పని, అది సోమరిపోతులాట కదా అని కూడా అన్నాడు. ఈతగాడికి ఈతంటే ఇష్టమని తొట్టిలో ముంచి మూతేసినట్టుంది వీడి ప్రేమ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది.

ఈలోగా చూడటానికి అపార్టుమెంటు జనం పోగయ్యారు. ప్రారంభం నువ్వే చెయ్యాలి బావా అని వాడు నన్ను ముందుకి తోశాడు. ఎక్కకపోతే భయపడ్డాడంటారు. ఎక్కాను. ఎలా ఎక్కాను? నేను ఎప్పుడూ ఎక్కినట్టే. ఎడమకాలు పెడలు మీద వేసి, కుడికాలితో నేలని రెండు తన్నులు తన్ని, ఊపు అందుకున్నాక కాలు తిప్పి వెయ్యడం. రొట్టెల పెట్టెతో అలాగే ఎక్కాను, ఆ అలవాటు ఎముకల్లో ఉంది. ఆ సైకిలు ముందుకి పోదన్న సంగతి నా బుర్రకి తెలుసు గానీ నా కాళ్ళకి ఎవరు చెప్పారు? తన్నాను. పెడలు సర్రున కిందికి తిరిగింది. సైకిలు ఉన్నచోటే ఉంది. నేను మాత్రం ముందుకి పోయి అద్దాన్ని కావలించుకున్నాను.

అందరూ నవ్వారు. టైలరు నవ్వాడు, మీటరు నవ్వాడు. వాళ్ళయినా అలాగే ఎక్కేవాళ్ళు, నేను ముందు పడ్డాను కాబట్టి నేర్చుకున్నారు. బెల్లు ఒక్కడే నవ్వలేదు. పౌడరు డబ్బా మెట్ల మీద పెట్టేసి, కర్ర తీసుకుని, పైకి వెళ్ళిపోయాడు. అప్పుడు తెలిసింది నాకు, పోయింది బోర్డు కాదని.

మర్నాడు వాడు కిందికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మేం బోర్డు మోటారు గదిలోంచి తెచ్చి మెట్ల దగ్గర వేస్తే దారికి అడ్డమన్నారు. మేడ మీద వేస్తే గాలికి పౌడరు కళ్ళలో పడింది. టైలరు ఇంట్లో వేస్తే మా తిట్లు విని వాళ్ళావిడ బోర్డుతో సహా బయటికి పంపింది. బెల్లు ఇంట్లోనే ఆడదామని ముగ్గురం వెళ్ళాం. తలుపు వాళ్ళమ్మాయి తీసింది.

"నాన్న గోడవైపు తిరిగి పడుకుంటున్నాడు పెదనాన్నా. సైకిలు పాతసామాన్ల వాడికి ఇచ్చెయ్యమన్నాడు. రేపో ఎల్లుండో వస్తాడు వాడు."

లోపలి నుంచి బెల్లు గొంతు వినపడింది. జాలిపడి మంచం చుట్టూ చేరడానికి నేనేం పీనుగునా, పొమ్మనవే వాళ్ళని అన్నాడు. మేం బోర్డు మోసుకుని మెట్లు దిగాం.

అక్కడి నుంచి తిన్నగా బావమరిది ఇంటికి పోయాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు. ఆ గానుగల్ని తీసెయ్, మా బల్ల మాకెయ్ అన్నాను. వాడు నొచ్చుకున్నాడు. నేను మీ మంచికే చేశాను కదా బావా అని మొదలెట్టాడు. మంచి చేసేవాడు ముందు అడగాలిరా, అడక్కుండా చేసేదాన్ని మంచి అనరు, పెత్తనం అంటారు అన్నాను. మా ఆవిడ బతికుంటే ఆ మాట ఇంకా బాగా చెప్పేది, తమ్ముడి చెవి పట్టుకుని. బెల్లు సంగతి చెప్పాను. వాడి మొహం మాడింది. పాపం, వాడికి తెలీదు. తెలీకపోవడమే వాడి రోగం.

"బావా, కమిటీ కొన్నవి, ఇప్పుడు తీస్తే నన్ను బతకనివ్వరు. సైకిళ్ళు ఆ గదిలోనే ఉండాలి. బోర్డు ఉండకూడదని మాత్రం ఎవరూ అనలేదు. కానీ అవి పోగా బల్ల వెయ్యడానికి చోటేది?"

చోటేది, చోటేది అని గొణుక్కుంటూ కిందికొచ్చాను. కోపంగా ఆ గది ముందు నిలబడ్డాను. నాలుగు సైకిళ్ళు. నాలుగు సీట్లు. నాలుగు హ్యాండిళ్ళు. కుర్చీల్లేవని ఏడుస్తున్నాం, బల్ల లేదని ఏడుస్తున్నాం. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు.

టైలర్నీ మీటర్నీ కేకేశాను. గోడవైపున్న సైకిళ్ళని ఈడ్చి, నాలుగూ ఒకదానికొకటి ఎదురెదురుగా తిప్పాం. హ్యాండిళ్ళు నాలుగూ మధ్యలో కలిశాయి. వాటి మీద బోర్డు పెట్టాం. ఒక పక్క ఎత్తు, ఒక పక్క వాలు. హ్యాండిలు దించడం ఎక్కించడం మాకు పాలు తాగినంత పని. మరలు వదులు చేసి, దించి, ఎత్తి, స్ట్రైకరు నిలబెట్టి చూశాం. దొర్లినవైపు ఎత్తాం. చివరికి స్ట్రైకరు నిలబడింది. టైలరు నాడాలతో బోర్డు మూలల్ని హ్యాండిళ్ళకి కట్టేశాడు, లంగా బొందు ముడి. బావమరిది వచ్చి చూసి నోరు తెరిచాడు. ఏవైనా తీసేశామా అన్నాను. లేదన్నాడు. అయితే నోరు మూసుకో అన్నాను.

ఇక బెల్లు. బతిమాలితే రాడని తెలుసు. వాడి తలుపు దగ్గర నిలబడి, లోపలికి వినపడేలా వాళ్ళమ్మాయితో చెప్పాను.

"మీ నాన్నని లేపకు తల్లీ, పడుకోనీ. ఆయన జాగాలో మా బావమరిది ఆడతానన్నాడు. నిన్నటిదాకా స్ట్రైకరు ఏ చేత్తో పట్టుకోవాలో తెలీదు వాడికి. అయినా మీ నాన్నకంటే నయమే."

నేను మెట్లు సగం దిగేసరికి పైన కర్ర చప్పుడు. పౌడరెవరు వేశార్రా, నా డబ్బా ముట్టుకుంటే చేతులు విరుస్తా అంటూ వచ్చాడు. గది చూసి ఆగిపోయాడు. నేను అద్దాన్ని కావలించుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చిందేమో, మొత్తానికి నవ్వాడు. ఇంత ఆలస్యంగా నవ్వేవాణ్ణి ఎక్కడా చూడలేదు.

ఆ సైకిళ్ళకి మధ్యలో బారు లేదండీ. కాలు తిప్పి వెయ్యక్కర్లేదు, గుమ్మం దాటినట్టు దాటి కూర్చోవడమే. ఆడవాళ్ళ సైకిలు కదరా ఇది అన్నాడు బెల్లు. ఇక్కడ ఊరు లేదు, అద్దంలో నువ్వే ఉన్నావు, సిగ్గయితే కళ్ళు మూసుకో అన్నాడు మీటరు. బెల్లు కర్ర గోడకి ఆనించాడు. సీటు పట్టుకున్నాడు. దాటాడు. కూర్చున్నాడు. చెయ్యి అలవాటుగా హ్యాండిలు మీద బెల్లు కోసం వెతికింది. లేదు.

ఆట మొదలైంది. ఆ రోజు నా చెయ్యి ఎలా ఆడిందో ఏం చెప్పను. రెడ్డు వేసేశాను. వెనకాలే తెల్లకాయి ఒకటి ఫాలో వెయ్యాలి, లేకపోతే రెడ్డు మళ్ళీ బోర్డు మీదికొస్తుంది. ఆ తెల్లకాయి పాకెట్ అంచున కూర్చుని ఉంది, ఊదితే పడుతుంది. స్ట్రైకరు పెట్టాను. గురి చూశాను. బోర్డు సన్నగా వణుకుతోంది. భూకంపమేమో అనుకున్నాను. తలెత్తి చూద్దును కదా, బెల్లు కళ్ళు సగం మూసుకుని, మడమలు ఆడిస్తూ, మెల్లగా తొక్కుతున్నాడు.

"ఎదురుగాలేం లేదురా ఇవాళ," అన్నాడు.

ఆ కాయి నా కళ్ళ ముందే అంచు నుంచి జారి ఇవతలికి వచ్చేసింది. నేను కొట్టింది తగల్లేదు. రెడ్డు తిరిగొచ్చింది. బెల్లు దాన్ని వేశాడు, ఫాలో వేశాడు, ఆట గెలిచాడు.

తొక్కడం ఫౌలని నేనన్నాను. కాదని మీటరన్నాడు, వాడి జట్టువాడు కదా, పిల్లికి ఎలుక సాక్ష్యం. తీర్పు చెప్పమని బావమరిదిని పిలిస్తే, సైకిళ్ళున్నది తొక్కడానికే కదా బావా అన్నాడు. ఆ మొహం చూస్తే మళ్ళీ కాలవలోకి తోద్దామనిపించింది. టైలరు నావైపు ఉండాలా వద్దా? వాడూ తొక్కడం మొదలెట్టాడు.

పాతసామాన్ల వాడు వచ్చి వెళ్ళాడు. సైకిలు ఇచ్చేది లేదు, నీ తోపుడుబండికి చక్రం వంకరగా ఉంది ముందు అది చూసుకో అని బెల్లు వాణ్ణే తిట్టి పంపాడట. మెట్ల కింద గొలుసేసిన సైకిలు అలాగే ఉంది, దానికి బెల్లు మాత్రం లేదు. అది ఊడదీసి తెచ్చి కదలని సైకిలు హ్యాండిలుకి బిగించాడు. నేను గురి చూసినప్పుడల్లా కొడుతున్నాడు.

ఇది ఫౌలు కాదంటే నేను చచ్చినా ఒప్పుకోను. రేపు మళ్ళీ కూర్చుని తేల్చుకుంటాను.