వెయ్యో ఆటలో ఆఖరి మాట

ఆ సంగీత నాటకం నూరో ఆటకి పిన్ని కొత్త పెళ్లికూతురు. అయిదువందలో ఆటకి కళ్లజోడు వచ్చింది. ఆ రెండిటికీ, మధ్యలో వచ్చిన ప్రతి వందో ఆటకీ బాబాయి పక్కనే ఉన్నాడు. ఆయన పోయాక వచ్చిన ఈ వెయ్యో ఆటకి మాత్రం అక్క కూతురు తోడొచ్చింది.

ఇలాంటి ప్రత్యేకమైన ఆటల్లో చివరి పాటను నటులతో పాటు జనం కూడా లేచి నిలబడి పాడటం ఆ హాలు ఆనవాయితీ. పిన్ని సంగీతం టీచరు. బాబాయికేమో తాళమంటే ఏమిటో తెలియదు. హాలంతా పాట ముగించి ఊరుకున్నాక, ఆఖరి మాటను ఆయనొక్కడే గొంతెత్తి, తాపీగా పాడేవాడు. అందరూ వెనక్కి తిరిగి నవ్వేవారు. పిన్నికి తల కొట్టేసినట్టయ్యేది.

"మీ పక్కన నిలబడితే నా పరువు పోతోందండీ" అని ఇంటికెళ్లే దారి పొడుగునా సాధించేది.

"తొందరంతా వాళ్లదేనే. అంత మంచి పాటని అప్పుడే వదిలేస్తే ఎలా?" అనేవాడాయన.

ఇవాళా చివరి పాట ముగింపుకొచ్చింది. పిన్ని మోచెయ్యి అలవాటు కొద్దీ పక్కమనిషి డొక్కలో పొడిచింది.

"అబ్బా, నేనేం చేశాను పిన్నీ?" అంది అక్క కూతురు.

ఇన్నేళ్లూ పిన్ని కోరుకున్నట్టే హాల్లో గొంతులన్నీ ఒక్కసారిగా ఆగాయి. అంత శుభ్రంగా ఆగినందుకు ఆమెకి ఒళ్లు మండిపోయింది.

గొంతెత్తి, తాళం తప్పి, ఆఖరి మాటను తాపీగా పాడింది.